సంఘపు క్రొత్త కంప్యూటరు: లెక్కలకు రెండవ ప్రతి

గ్రామ సహకార సంఘమునకు ప్రాణము దాని లెక్క. సభ్యుడు పుచ్చుకొన్న అప్పు, చెల్లించిన వాయిదా, కట్టిన వాటాధనము, అమ్మిన ధాన్యము, ఇవి యన్నియు లెక్కలో సరిగా నున్నంతవఱకే సంఘమునకును సభ్యునకును నడుమ నమ్మకము నిలుచును. పూర్వము ఈ లెక్కలు చిట్టాలోను ఆవర్జాలోను వ్రాయబడుచుండెను. ఇప్పుడు కంప్యూటరులోనికి వచ్చుచున్నవి. 2022 జూన్ 29 న కేంద్ర మంత్రివర్గము దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములకు కంప్యూటరు వసతి కల్పించు పథకమును 2,516 కోట్ల రూపాయల వ్యయముతో ఆమోదించెను. యంత్రము వచ్చినందుకు సంతోషింపవలసినదే. కాని అందలి లెక్కకు రెండవ ప్రతి కలదా యని యడుగు సభ్యులు అరుదు.

ఈ పథకపు సాఫ్ట్‌వేరులో నమోదైన ఖాతాలు దూరమందున్న కేంద్రయంత్రములలో నిలువయుండును. అంతమాత్రమున నిశ్చింత తగదు. మహాసభ తీర్మానములు, జాబులు, ఎరువుల నిలువ పట్టికలు, సభ్యుల దస్తావేజుల ప్రతులు, పాతబాకీల జాబితాలు తఱచుగా కార్యాలయపు కంప్యూటరులోనే యుండును. అది చెడిన దినమున అవియు చెడును. అప్పు తీర్చిన రైతు తన రసీదును పోగొట్టుకొని, సంఘమునందును ఆధారము లేకున్నచో, అతని గతి యేమి?

చెడుటకు కారణములు పెక్కు. డిస్కు అరిగిపోవచ్చును. పిడుగు పడవచ్చును, వరదనీరు చొరవచ్చును, దొంగ యెత్తుకొనిపోవచ్చును. గుమాస్తా చేయిజారి తుడిచివేయవచ్చును. వీనికి మించినది రాన్సమ్‌వేర్ అను తెగులు. అది కంప్యూటరులోని కాగితముల నన్నింటిని తాళమువేసి, సొమ్మిచ్చిన గాని తీయనని బెదరించును. 2017 మే నెలలో వాన్నక్రై అను నిట్టి తెగులు 150 దేశములకు వ్యాపించెను. 2024 జులై చివర, చిన్న బ్యాంకులకు సాంకేతికసేవ చేయు నొక సంస్థకు ఇది సోకగా, సుమారు 300 బ్యాంకుల చెల్లింపులు కొంత తడవు నిలిచిపోయెను. వానిలో సహకార బ్యాంకులును గలవు.

రైతునకు దీని విరుగుడు క్రొత్తది కాదు. తెలివిగల కాపు విత్తనము నంతయు నొక్క గాదెలో పోయడు. కొంత యింట, కొంత పాతరలో, కొంత బంధువుల యింట నుంచును. లెక్కకును ఇదే నీతి: ప్రతులు మూడు, నిలువసాధనములు రెండు విధములు, అందొకటి వేఱొక చోట. ఇందుకు కావలసిన పరికరము ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు. కొన్ని వేల రూపాయలలో దొరకును.

పని జరుపవలసిన విధము:

1. క్రొత్త కంప్యూటరు వచ్చిన వారములోనే బ్యాకప్ మొదలిడవలెను. లెక్కలు పెరిగిన పిదప చూతమనుట పంట యెండిన పిదప నీరు కట్టుట వంటిది.

2. సంఘపు కాగితము లన్నియు ఒకే ఫోల్డరులో నుంచవలెను. లెక్కల సాఫ్ట్‌వేరు తన దత్తాంశమును ఎచ్చట దాచునో, దానిని అమర్చినవారి నడిగి వ్రాసికొనవలెను.

3. డిస్కును యు.ఎస్.బి. తీగతో తగిలించి, విండోస్‌లోని ఫైల్ హిస్టరీని నడుపవచ్చును. అది డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ మొదలగు వానినే కాపాడును. ఇతర ఫోల్డరులను మనమే చేర్చవలెను. లేదా తేదీ పేరుతో ఫోల్డరు చేసి, చేతితో నకలు తీయవలెను.

4. సి డ్రైవులోని దానిని డి డ్రైవులోనికి నకలు తీసి ఊరకుండరాదు. తఱచుగా ఆ రెండును ఒకే డిస్కులోని రెండు అరలు. గాదె కాలినచో అర లన్నియు కాలును.

5. పని ముగియగానే, సురక్షితముగా తొలగించు ఆజ్ఞ నిచ్చి, డిస్కును ఊడదీయవలెను. తగిలించియే యుంచినచో తెగులు దానికిని సోకును. తిరుగుచున్న డిస్కును కదపరాదు.

6. డిస్కులు రెండుండవలెను. వారమువారము మార్చుచు, ఒకటి సంఘపు ఇనుపబీరువాలోను, రెండవది పాలకవర్గము నియమించిన మఱొక భద్రస్థలములోను ఉంచవలెను.

7. సభ్యుల ఆధార్ సంఖ్యలును ఖాతాలును అందుండును గనుక డిస్కునకు బిట్‌లాకర్ తాళము వేయవలెను. దాని 48 అంకెల రికవరీ కీని కాగితముపై వ్రాసి, లక్కముద్రతో రెండు చోట్ల దాచవలెను. సంకేతపదమును మఱచి, అదియు పోయినచో తాళము మనకే తెరువబడదు.

అన్నిటికంటె ముఖ్యమైనది పరీక్ష. విత్తుటకు ముందు నూరు గింజలను తడిగోనెలో చుట్టి, ఎన్ని మొలచెనో లెక్కించుట మన మెఱిగినదే. కుండనిండ గింజలున్నను మొలక రానిచో అది విత్తనము కాదు. అటులనే మూడు నెలలకొకసారి డిస్కును మఱొక కంప్యూటరునకు తగిలించి, నాలుగైదు కాగితములను తెఱచి, అసలుతో పోల్చి చూడవలెను. తెఱువబడని ప్రతి, లేని ప్రతితో సమానము. పరీక్షించిన తేదీని మినిట్సు పుస్తకములో వ్రాయవలెను.

సభ్యమహాశయులారా, ఇది కార్యదర్శి యొక్కని పని యని యెంచకుడు. లెక్క మీది, సంఘము మీది. రాబోవు మహాసభలో మూడు ప్రశ్న లడుగుడు: కడపటి ప్రతి యేనాడు తీయబడెను? రెండవ డిస్కు ఎచ్చట నున్నది? దానిని తెఱచి చూచిన దెవరు? ఈ మూడింటికి వెంటనే యుత్తరము వచ్చు సంఘములో, వరద వచ్చినను దొంగ వచ్చినను, రైతు చెల్లించిన రూపాయి చెల్లినట్లే యుండును.