మన పిల్లలకు అందని నీలం మాత్ర

యవ్వనస్థుల కూడికలో వెనక వరుసలో కూర్చుని ఆవలించే అమ్మాయిని చూసి మనం సాధారణంగా అనే మాట ఒకటుంది: రాత్రంతా ఫోను చూసి ఉంటుంది. అదీ కావచ్చు. కానీ ఆమెకు రక్తం తక్కువగా ఉందేమో అని ఎంతమందికి తోస్తుంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. అదే వయసు అబ్బాయిల్లో 31 మందికి ఉంది. సోమరితనమనో ఆత్మీయంగా చల్లారిపోయారనో ముద్ర వేసే ముందు ఈ అంకెలు గుర్తు తెచ్చుకోవాలి.

తార్నాక సంఘాలకు ఈ విషయం దూరపుదేమీ కాదు. జాతీయ పోషకాహార సంస్థ ఉస్మానియా క్యాంపస్ పక్కనే ఉంది. 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకు తరలి వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టిందీ 1918లోనే.

పదేళ్ల నుంచి పందొమ్మిదేళ్ల మధ్య ఎత్తు, కండ, రక్తం అన్నీ ఒక్కసారిగా పెరుగుతాయి. వాటికి ఇనుము కావాలి. ఆడపిల్లలకు నెలసరి మొదలయ్యాక ప్రతి నెలా కొంత పోతుంది. పొద్దున టిఫిన్ మానేసి ట్యూషనుకు పరుగెత్తే పిల్లకు ఆ లోటు ఎక్కడ తీరుతుంది? మెట్లెక్కితే ఆయాసం, చదివింది తలకెక్కకపోవడం, చిరాకు మొదలవుతాయి. హీమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువైతే ఆడపిల్లల్లో రక్తహీనత అంటారు. పదిహేనేళ్లు దాటిన అబ్బాయిలకు ఆ గీత 13.

తోటకూర, మునగాకు, రాగులు, పప్పులు మంచివే. వాటితో పాటు నిమ్మరసమో జామకాయో ఉసిరో ఉంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. మాంసం, కాలేయం నుంచి ఇంకా తేలికగా అందుతుంది. టీ మాత్రం అడ్డుపడుతుంది. ప్రేమ విందులో విస్తరి తీయకముందే టీ గ్లాసులు తిప్పే అలవాటు మనకుంది. ఒక గంట ఆగితే ఎవరికీ నష్టం లేదు.

తిండితో మాత్రమే తీరని లోటుకు ప్రభుత్వం వారానికి ఒక నీలం మాత్ర ఇస్తోంది. అందులో ఇనుము, ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నులిపురుగులకు వేరే మాత్ర ఇస్తారు. ఇనుము మాత్ర వేసుకుంటే కొందరికి వికారంగా ఉంటుంది, మలం నల్లబడుతుంది. అది చూసి భయపడి మానేసేవాళ్లే ఎక్కువ. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుందని, నలుపు ప్రమాదం కాదని చెప్పేవాళ్లు ఉండాలి.

ఇక్కడే మన సంఘాల సంగతి వస్తుంది. ఆ మాత్ర ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలకు ఇచ్చేందుకు ఏర్పాటైంది. బడి మానేసిన అమ్మాయిలకు అంగన్‌వాడీ ఉంది. మనలో చాలామంది పిల్లల్ని అప్పుచేసైనా ప్రైవేటు ఇంగ్లీషు మీడియంలో చేర్చాం. వాళ్లు ఈ లెక్కలోకే రారు.

ఆ ఖాళీలో స్వచ్ఛంద సంస్థ, సంఘం కలిసి పని చేయవచ్చు. కౌమార ఆరోగ్యం మీద పనిచేసే సంస్థను పిలిచే ముందు రక్తపరీక్ష ఎవరు చేస్తారు, తక్కువ వస్తే ఏ దవాఖానకు పంపుతారు, మూడు నెలల తర్వాత మళ్లీ వస్తారా అని అడగండి. బ్యానరు కట్టి, ఫోటో దిగి వెళ్లిపోయే శిబిరం వల్ల ఒరిగేది తక్కువ. బస్తీ దవాఖానాల్లో పరీక్షలు ఉచితం. తల్లిదండ్రుల అనుమతితో అక్కడికి తీసుకెళ్లడం స్త్రీల సమాజం సహోదరీలు చేయగల పని.

ఫలితం మాత్రం ఆ బిడ్డకు, అమ్మానాన్నలకు తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. ప్రార్థన మనవి పేరుతో మైకులో చదివిన మరుక్షణం ఆ పిల్ల మళ్లీ మన దగ్గరికి రాదు. నెలసరి గురించి అడగడానికి ఒక అక్క, ఒక చిన్న గది చాలు. కానీ ఎవరైనా తనను లైంగికంగా హింసించారని బిడ్డ చెబితే, అది గుట్టుగా ఉంచే విషయం కాదు. పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేసి తీరాలి. 1098కి ఫోను చేయవచ్చు.

నీరసమంతా రక్తానిదే అనుకోవద్దు. రెండు వారాలుగా నిద్ర, ఆకలి, మాట తగ్గిన బిడ్డకు మనసు గాయపడి ఉండవచ్చు. సికింద్రాబాద్‌లోని రోష్ని సంస్థ వలంటీర్లు తీర్పు తీర్చకుండా వింటారు. ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416లో ఉచితంగా మాట్లాడవచ్చు. ప్రాణం తీసుకుంటానన్న మాట వింటే ఆ బిడ్డను ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మార్కు సువార్తలో యాయీరు కుమార్తె వయసు పన్నెండేళ్లు. ఆమె లేచి నడిచాక ప్రభువు ఆమెకు ఆహారం పెట్టించమన్నాడు.

అబ్బాయిలను కూడా లెక్కలో ఉంచుకోండి. చదువు మానేసి మెకానిక్ షెడ్డులోనో డెలివరీ పనిలోనో చేరిన పదిహేడేళ్ల కుర్రాడికి బడి లేదు, అంగన్‌వాడీలో చోటు లేదు. ఆదివారం సాయంత్రం గిటారు కోసమో క్రికెట్టు కోసమో అతను వచ్చేది మన యవ్వనస్థుల కూడికకే.