అంతరించిన పావురం మళ్లీ పుడుతుందా?

ఒకప్పుడు ఉత్తర అమెరికాలో ప్రయాణ పావురాలు వందల కోట్లు ఉండేవి. గుంపు ఎగిరితే పట్టపగలే ఎండ మసకబారేది. మరి ఇప్పుడు ఒక్కటీ లేదెందుకు?

గుంపే వాటికి రక్షణ. డేగ కొన్నిటిని పట్టుకున్నా మిగతావి క్షేమంగా ఉండేవి. కానీ తుపాకులు, వలలతో వచ్చిన మనిషికి అదే గుంపు సులువుగా దొరికిపోయింది. పావురాలు ఎక్కడ వాలాయో టెలిగ్రాఫ్ ద్వారా వేటగాళ్లకు తెలిసిపోయేది. వాటి మాంసం రైళ్లలో నగరాలకు చేరేది. వాటికి గింజలిచ్చే అడవుల్నీ నరికేశారు. పైగా అవి గూటికి ఒక్క గుడ్డే పెట్టేవి. అందుకే చచ్చినంత వేగంగా పుట్టలేకపోయాయి. చివరి పావురం పేరు మార్తా. అది 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జూలో చనిపోయింది.

మళ్లీ పుట్టించగలమా? ప్రతి జీవి కణాల్లో డీఎన్‌ఏ ఉంటుంది. అమ్మమ్మ వంటల పుస్తకంలా, ఆ జీవి ఎలా తయారవ్వాలో అందులో ఉంటుంది. మ్యూజియంలో దాచిన పావురాల్లో ఆ పుస్తకం ముక్కలు ముక్కలుగా చిరిగిపోయి ఉంది. శాస్త్రవేత్తలు ఆ ముక్కల్ని చదివి, ప్రయాణ పావురానికి దగ్గరి చుట్టమైన పట్టీతోక పావురం పుస్తకంతో పోల్చారు. తేడా ఉన్నచోట పట్టీతోక పావురం పుస్తకాన్ని దిద్ది, పాత పావురాన్ని పోలిన పిల్లల్ని పుట్టించాలన్నది వాళ్ల ఆలోచన.

అయినా పుట్టేది అచ్చంగా ఆ పావురమే కాదు, దాన్ని పోలిన కొత్త పక్షి. గుంపులో బతకడం నేర్పే పెద్దలూ దానికి ఉండరు. పోయినదాన్ని తేవడం ఇంత కష్టం కాబట్టి, ఉన్న పక్షుల్ని ఇప్పుడే కాపాడుకుందాం!