సంతకం పెట్టారు సరే... ఇంట్లో చెప్పారా?

డ్రైవింగ్ లైసెన్స్ దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంటుంది. ప్రమాదంలో చనిపోతే అవయవాలు దానం చేయడానికి సమ్మతమేనా అని. నెట్ సెంటర్‌లో అన్నయ్య మనల్ని అడక్కుండానే 'నో' కొట్టేసి ముందుకెళ్లిపోతాడు. మనమూ పట్టించుకోం. గ్రూప్స్, ఎస్సై, బ్యాంకు... నింపాల్సిన దరఖాస్తులు ఎన్నని! కానీ అవనిగడ్డ నుంచి బందరుకి, గుడివాడ నుంచి బెజవాడకి బైకు మీద తిరిగే వయసు మీది. ఆ గడి దగ్గర కాసేపు ఆగడం అవసరం.

ముందు ఒక తికమక తీరాలి. ఇంట్లో గుండె ఆగి చనిపోయినవారి కాలేయం, మూత్రపిండాలు మరొకరికి అమర్చడానికి పనికిరావు. తలకు పెద్ద దెబ్బ తగిలో, మెదడులో రక్తం గడ్డకట్టో ఆస్పత్రిలో ఉన్నవారికి ఒక్కోసారి మెదడు పనిచేయడం శాశ్వతంగా ఆగిపోతుంది. వెంటిలేటర్ ఊపిరి అందిస్తుంటుంది కాబట్టి గుండె మాత్రం కొంతకాలం కొట్టుకుంటూనే ఉంటుంది. దీన్నే బ్రెయిన్ డెడ్ అంటారు. కోమా వేరు. కోమాలోంచి మనిషి తిరిగి రావచ్చు, దీన్నుంచి రాడు. నలుగురు వైద్యులు, కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి ధ్రువీకరించాలి. అవయవం అమర్చే బృందంలోని వాళ్లెవరూ ఆ నలుగురిలో ఉండకూడదు. 'దానం అంటే డాక్టర్లు సరిగ్గా వైద్యం చేయరేమో' అని భయపడేవాళ్లు ఈ నిబంధన గుర్తుంచుకోవాలి.

అలా ఒక దాత నుంచి గుండె, ఊపిరితిత్తులు, కాలేయం, రెండు మూత్రపిండాలు, క్లోమం వంటివి కలిపి ఎనిమిది మంది వరకు అందుకోవచ్చు. ఎవరికి ఇవ్వాలన్నది జీవన్‌దాన్ జాబితా ప్రకారం జరుగుతుంది. గుండెకి 4 నుంచి 6 గంటలే గడువు. రోడ్ల మీద గ్రీన్ ఛానల్ అంటూ ట్రాఫిక్ ఆపేది అందుకే.

దీనికి ఐసీయూ, వెంటిలేటర్ ఉన్న ఆస్పత్రి కావాలి. నాగాయలంకలోనో, కోడూరులోనో రాత్రి పూట తాతయ్య పోతే ఇవేవీ ఉండవు. కానీ అక్కడా చేయగలిగింది ఒకటుంది, నేత్రదానం. చనిపోయిన 6 గంటల్లోపు ఇంటి దగ్గరే కార్నియా సేకరిస్తారు. పని అరగంటలోపే అయిపోతుంది, ముఖం వికారంగా మారదు. కళ్లజోడు ఉన్నా, షుగర్ ఉన్నా, శుక్లాల ఆపరేషన్ అయినా ఫర్వాలేదు. హెచ్ఐవీ, హెపటైటిస్, రేబిస్ లాంటివి ఉంటే మాత్రం తీసుకోరు. ఐ బ్యాంకు వాళ్లు వచ్చేలోపు ఫ్యాన్ ఆపేసి, రెప్పలు మూసి వాటి మీద తడి దూది పెట్టి, తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తుగా ఉంచాలి. ఇంతే. ముందుగా పేరు నమోదు చేసుకోకపోయినా ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే చాలు.

కృష్ణా జిల్లాకి ఈ విషయం కొత్తదేం కాదు. హైదరాబాద్‌లో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆస్పత్రిని స్థాపించిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు ఈ జిల్లాలో పుట్టినవారే. ఆ సంస్థకి విజయవాడ పక్కన తాడిగడపలోనూ ఆస్పత్రి ఉంది. ఇక దేహదానం మరో సంగతి. బందరులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. మొదటి సంవత్సరం ఎంబీబీఎస్ పిల్లలు శరీర నిర్మాణం నేర్చుకోవడానికి దానంగా వచ్చిన దేహాలు ఉపయోగపడతాయి.

సరే, నిర్ణయం తీసుకున్నారు. 18 ఏళ్లు నిండితే చాలు. జాతీయ సంస్థ నోటో వెబ్‌సైట్‌లో ఆధార్‌తో నమోదు చేసుకోవచ్చు. మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చు. అసలు చిక్కు ఇక్కడుంది. ఆ కార్డు మీ పర్సులో ఉన్నా, ఐసీయూ బయట కూర్చున్న అమ్మానాన్నలు వద్దంటే ఏ ఆస్పత్రీ ముందుకెళ్లదు. వాళ్లు ఒప్పుకోవాలంటే మీ మనసులో ఏముందో వాళ్లకి ముందే తెలియాలి.

స్పెయిన్‌లో 1979 నుంచి చట్టం ప్రకారం, వద్దని చెప్పనివాళ్లంతా దాతలే. అయినా అక్కడా ఇంట్లోవాళ్లని అడుగుతారు. చట్టం వచ్చిన పదేళ్లకి కూడా పది లక్షల జనాభాకి 14 మంది దాతలే ఉండేవారు. 1989లో జాతీయ సంస్థ పెట్టి, ఆస్పత్రుల్లో కుటుంబాలతో మాట్లాడే శిక్షణ పొందిన కోఆర్డినేటర్లని నియమించాకే ఆ సంఖ్య 40 దాటింది. మన దేశంలో 2023లో మరణానంతర దాతలు 1,099 మంది, అంటే పది లక్షలకి ఒక్కరు కూడా కాదు. అందులో 252 మంది తెలంగాణవారే.

ఇంట్లో ఈ మాట ఎత్తడం తేలిక కాదని తెలుసు. 'శుభం పలకరా మంకెన్నా అంటే...' అని నాయనమ్మ మొదలెడుతుంది. అమ్మ 'నోర్ముయ్, ఏం మాటలవి' అంటుంది. అందుకే మీ చావు గురించి కాకుండా నేత్రదానంతో మొదలెట్టండి. 'నాయనమ్మా, ఆ దధీచి ఎముకలు ఎందుకిచ్చాడే?' అని అడిగితే కథ తనే చెబుతుంది. వచ్చే జన్మలో కళ్లుండవనే భయం అప్పుడు కాస్త సడలుతుంది. నాన్నకి ఖర్చు సంగతి కావాలి. దానానికి ఒప్పుకున్నాక అయ్యే ఖర్చు దాత కుటుంబం మీద పడదు. కాగితం మీద నింపే ఫారం-7 దీనికి ఇంకా మంచిది. ఇద్దరు సాక్షుల్లో ఒకరు దగ్గరి బంధువై ఉండాలి కాబట్టి మాట్లాడక తప్పదు!

ఈ పేజీ చదివేవాళ్లకి మరో మాట. కుటుంబాలతో మాట్లాడటం ఒక ఉద్యోగం కూడా. అవయవ మార్పిడి చేసే ప్రతి ఆస్పత్రిలోనూ ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ తప్పనిసరి అని 2014 నిబంధనలు చెబుతున్నాయి. నర్సింగ్ చేసినవాళ్లే కాదు, ఏ డిగ్రీ ఉన్నా అర్హులే. సోషల్ వర్క్, సోషియాలజీ వంటి వాటిల్లో పీజీ ఉంటే మొగ్గు. చెన్నైలో 1997లో మొదలైన మోహన్ ఫౌండేషన్ దీనిలో శిక్షణ ఇస్తోంది. రాత్రి రెండింటికి ఫోన్ వస్తే లేచి వెళ్లాల్సిన పని, ఏడుస్తున్న తండ్రి పక్కన మాట్లాడకుండా కూర్చోగలగాల్సిన పని. బీఎస్సీ, బీఏ చేసి 'మాకేం ఉద్యోగాలున్నాయి' అనేవాళ్లు ఒకసారి అటు చూడొచ్చు.

కిడ్నీ ఇస్తే లక్షలిస్తామంటూ ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లకి దీనితో సంబంధం లేదు. కోచింగ్ అప్పులో ఉన్న కుర్రాళ్లే వాటికి ఎర. అవయవాన్ని అమ్మినా, కొన్నా, మధ్యవర్తిగా ఉన్నా 5 నుంచి 10 ఏళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల జరిమానా. బతికుండగా కిడ్నీ ఇచ్చేది సాధారణంగా తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్యాభర్తల వంటి దగ్గరివాళ్లే. బయటివాళ్లు ఇవ్వాలంటే అధికార కమిటీ అనుమతి కావాలి.

సందేహాలుంటే నోటో టోల్‌ఫ్రీ నంబరు 1800 11 4770. మీకు దగ్గర్లోని ఐ బ్యాంకు నంబరు కనుక్కుని, మీ ఫోన్‌లోనే కాదు, అమ్మ ఫోన్‌లో కూడా సేవ్ చేయండి.