చేదు చాక్లెట్టు – తాతయ్య పథ్యం

చాక్లెట్టు అనగానే పిల్లలకు నోరూరుతుంది. పళ్ళ డాక్టరుకు పని తగులుతుంది. షుగరు వ్యాధి ఉన్న పెద్దలకు నిట్టూర్పు వస్తుంది. ఈ మూడోరకం వారిలో మా తాతయ్య ఒకరు. ఆయన నిట్టూర్పే ఈ వ్యాసానికి మూలం.

మాది కొత్తపేట దగ్గర పల్లెటూరు. కొబ్బరితోటలో, చెట్ల నీడన, అంతరపంటగా కోకో వేశాం. ఆ మొక్కలు తాతయ్య తన చేత్తో నాటినవి. కాయ కొయ్యడం, పగలగొట్టడం, గింజ పులియబెట్టడం, ఎండబెట్టి కాటాకి వెయ్యడం – మాకు తెలిసిన కోకో ఇంతవరకే. దేశంలో కోకో ఉత్పత్తిలో మన రాష్ట్రానిదే మొదటి స్థానమని గొప్పగా చెప్పుకుంటాం గాని, మా గింజతో చేసిన చాక్లెట్టు మా ఇంట్లో ఎవరమూ తిని ఎరుగం.

కిందటి సంక్రాంతికి ఆత్రేయపురం పూతరేకుల పొట్లం చుట్టూ మేమంతా మూగి ఉండగా, అరుగు మీంచి తాతయ్య అన్నారు: “ఒరేయ్, సైన్సు చదువుతున్నావు గదా! నే నాటిన చెట్టు గింజతో నే తినగలిగేది ఒక్కటి చెయ్యలేవూ?” నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

గింజలో జరిగే కెమిస్ట్రీ

పచ్చి కోకో గింజ కొరికితే వగరు, చేదు తప్ప చాక్లెట్టు వాసనే ఉండదు. ఆ వాసనకు పునాది పులియబెట్టడంలో పడుతుంది. గింజ చుట్టూ ఉన్న తియ్యని తెల్ల గుజ్జును ముందుగా ఈస్టు పట్టి, అందులోని చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది. తరువాత వేరే బాక్టీరియా వచ్చి ఆ ఆల్కహాలును ఎసిటిక్ ఆమ్లంగా, అంటే వెనిగరులో ఉండే పులుపుగా, మారుస్తాయి. ఈ పనిలో కుప్ప 45 – 50 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఆ వేడికీ పులుపుకీ మొలక చచ్చి, గింజలోని ఊదారంగు గోధుమరంగులోకి తిరుగుతుంది, వగరు తగ్గుతుంది. ఇందుకు అయిదారు రోజులు పడుతుంది. మధ్యమధ్య కుప్ప తిరగెయ్యాలి.

నేను మొదట తెలివితక్కువగా అరకిలో పచ్చిగింజను గిన్నెలో విడిగా పులియబెట్టాను. అంత చిన్న కుప్పలో వేడి నిలవదు. నాలుగో రోజుకు బూజు పట్టింది. “కుప్పలో వెయ్యాలిరా, కుంపట్లో ఒక్క బొగ్గు రగులుతుందా?” అన్నారు తాతయ్య. థెర్మోడైనమిక్సు ఆయన చదవలేదు, అంతే!

బెల్లం చేసిన పరాభవం

పెద్ద కుప్పలోంచి తీసి ఎండబెట్టిన గింజను మూకుట్లో సన్నటి సెగ మీద, చిటపటలాడి కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాను. పొట్టు నలిపి, అమ్మ చేట పట్టి చెరిగింది. అరకిలో పైచిలుకు ఎండుగింజకు సుమారు 400 గ్రాముల పలుకు తేలింది.

ఇక తీపి. “పంచదారైతే షుగరుకి చెడుపు, బెల్లమైతే ఫరవాలేదు” అని మా వీధి వీధంతా సలహా చెప్పింది. బెల్లం వేశాను. నూరిన ముద్ద కాస్తా బురదగడ్డలా బిగుసుకుపోయింది. కారణం బెల్లంలోని చెమ్మ. కరిగిన చాక్లెట్టు అంటే కొవ్వులో తేలే పొడి రేణువులు. నీటిచుక్క తగిలితే తీపి రేణువులు తడిసి ఒకదానికొకటి అతుక్కుంటాయి. అంతకంటె పెద్ద పాఠం డాక్టరుగారి దగ్గర నేర్చుకున్నాను. బెల్లంలో కూడా ఎక్కువ భాగం సుక్రోజే. రంగు మారినంత మాత్రాన రక్తాన్ని మోసం చెయ్యలేం. తాతయ్య ఏళ్ళ తరబడి “బెల్లమే గదా” అని రెండుపూటలా బెల్లం కాఫీ తాగుతున్నారన్న సంగతి అప్పుడే బయటపడింది!

కాబట్టి పొడి పంచదారే వేశాను, 100 గ్రాములు మాత్రం. అంటే నూటికి 80 వంతులు కోకో. పాలు లేవు. చాక్లెట్టులో పాలు కలిపే పద్ధతి 1875 ప్రాంతంలో స్విట్జర్లాండులో డేనియల్ పీటర్ తెచ్చినది. చేదు చాక్లెట్టుకు దానితో పనిలేదు.

రుబ్బడం, కరగడం

మిక్సీలో నూరితే నాలికకు ఇసకలా తగులుతుంది. రేణువు 30 మైక్రానులకంటె చిన్నదైతేనే నునుపు. అందుకు మన ఇడ్లీపిండి రాతి గ్రైండరే మేలు. విదేశాల్లో ఇంటివద్ద చాక్లెట్టు చేసేవారు కూడా ఇలాంటి గ్రైండర్లు వాడుతున్నారు. పలుకులో సగానికి పైగా కోకో వెన్నే గనుక, చుక్క నీరు పొయ్యకుండానే అది జారుముద్ద అవుతుంది. మోటారుకు నడుమ నడుమ విశ్రాంతినిస్తూ పన్నెండు గంటలు రుబ్బాను.

కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర పేరుకోవడం మనకు చలికాలపు పొద్దుల్లో తెలిసిందే. కోకో వెన్న సుమారు 34 దగ్గర, అనగా ఒంటివేడికి కాస్త దిగువన, కరుగుతుంది. చేతిలో గట్టిగా ఉండి నోట్లో కరిగే రహస్యమదే. అయితే ఈ వెన్న ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదు. మనకు కావలసినది అయిదో రకం. ముద్దను 45 – 50 డిగ్రీలకు కరిగించి, కలుపుతూ 27 – 28కి చల్లార్చి, మళ్ళీ 31 – 32కి తెచ్చి అచ్చుల్లో పొయ్యాలి. ఈ క్రమం తప్పితే పైన తెల్లటి పొర కడుతుంది. అది బూజు కాదు, కొవ్వు. తినవచ్చును. ఒక్క హెచ్చరిక: మన ల్యాబులోని పాదరసం థర్మామీటరు ఇందులో ముంచకండి, వంటకు వాడేది వేరే దొరుకుతుంది.

ఎంత తినవచ్చు?

మొత్తం 500 గ్రాములు, 50 ముక్కలు. ఒక్కో ముక్క 10 గ్రాములు. అందులో పంచదార 2 గ్రాములు, చెంచాలో సగానికంటె తక్కువ. కాని కోకో వెన్న 4 గ్రాముల పైనే ఉంది, కనుక తీపి తగ్గిందని అరచేతిమందం తింటే ఒళ్ళు ఊరుకోదు. మూత్రపిండాల జబ్బున్నవారు డాక్టరును అడగకుండా ముట్టకూడదు, కోకోలో పొటాషియం ఎక్కువ. ఇంట్లో కుక్క ఉంటే దానికి అసలే పెట్టకూడదు. ఇందులోని థియోబ్రోమిన్ దానికి విషం.

చేదు చాక్లెట్టు గుండెకు మందని కొందరంటారు. 2022లో ప్రకటించిన ఒక అమెరికా పరిశోధనలో 21 వేలమందికి పైగా పెద్దవయసువారు పాల్గొన్నారు. వారిలో సగంమందికి ఇచ్చింది చాక్లెట్టు కాదు, కోకోసారం గుళికలు. మొత్తంమీద గుండెజబ్బు సంఘటనలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. గుండెజబ్బు మరణాలు మాత్రం తగ్గినట్టు కనబడింది. కాబట్టి దీన్ని మందని నేను చెప్పను. కొలతతో తినదగిన మిఠాయి అంటాను.

డాక్టరుగారు సరేనన్నాక, భోజనానంతరం తాతయ్యకు ఒక్క ముక్క ఇచ్చాం. రెండు గంటల తరువాత మీటరు పెట్టి చూస్తే మామూలుగా వచ్చే అంకెకూ దానికీ పెద్ద తేడా లేదు. ఒక్క మనిషి మీద ఒక్కసారి చూసినది ప్రయోగం అనిపించుకోదని మా మాస్టార్లు కోప్పడతారు, నిజమే.

తాతయ్య ముక్కను కొరకలేదు. నాలిక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, కరిగేదాకా కూర్చున్నారు. “చేదేరా” అన్నారు. కాసేపాగి, “ఇన్నాళ్ళూ ఇదా మనం బస్తాల్లో పోసి పంపించింది!” అన్నారు.

ఇప్పుడాయన కాఫీలో బెల్లం మానేశారు. రోజుకొక్క ముక్క, లెక్కప్రకారం. రెండోది అడిగితే డబ్బా తాళంచెవి మామ్మ కొంగున ఉందని చెబుతాం.