ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మెర్సీ బడి, దానిని నెలకొల్పిన సోదరీమణులు

అమెరికాలో మిచిగన్ రాష్ట్రమునందు డెట్రాయిట్ నగరానికి వాయవ్యంగా ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊరు ఉన్నది. మన పిల్లలు, మనుమలు కొందరు ఉద్యోగాల నిమిత్తం ఆ దేశం వెళ్ళి స్థిరపడుచున్నారు గనుక అటువంటి ఊళ్ళ పేర్లు ఇప్పుడు మన ఇళ్ళలో కూడ వినబడుచున్నవి. ఆ ఊరిలో మెర్సీ హైస్కూలు అనే ఆడపిల్లల పాఠశాల కలదు. దానిని నెలకొల్పినవారు సిస్టర్స్ ఆఫ్ మెర్సీ అనే క్యాథలిక్ సన్యాసినుల సంఘంవారు. మెర్సీ అంటే కరుణ. మనలో తెలుగు తరగతులు నడిపేవారు వీరి చరిత్ర తెలిసికొనుట అవసరమని నా అభిప్రాయం.

సంఘ స్థాపకురాలు కేథరిన్ మెకాలీ 1778లో ఐర్లండు దేశంలో డబ్లిన్ వద్ద జన్మించారు. తల్లిదండ్రులు గతించిన తరువాత ఆమెను ఆదరించిన కల్లహన్ దంపతులు తమ ఆస్తిని ఆమెకే వ్రాసిపోయారు. ఆ ధనంతో ఆమె బాగట్ వీధిలో పెద్ద ఇల్లు కట్టించి, 1827 సెప్టెంబరు 24న పేద బాలికలకు బడి, దిక్కులేని పనిపిల్లలకు వసతి ప్రారంభించారు. అది ధనవంతుల వీధి. పేదలు ఉండేచోట కట్టక అక్కడ ఎందుకు కట్టారు? లేనివారు ఉన్నవారి కళ్ళ ఎదుట కనబడాలని. ఇరుగుపొరుగువారికి ఇది రుచించలేదు.

సన్యాసినుల సంఘం పెట్టాలనే తలంపు ఆమెకు మొదట లేదు. మతపెద్దల ఒత్తిడి వలన, యాభై దాటిన వయస్సులో మరొక మఠంలో శిష్యురాలిగా చేరి నియమాలు నేర్చుకొని, 1831 డిసెంబరు 12న ఇద్దరు సహచరులతో వ్రతం పట్టారు. (యాభై దాటిన తరువాత అక్షరాలు దిద్దిన పెద్దలు మన తరగతులలోను ఉన్నారు. ఆ కష్టం వారికి తెలుసు.) పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు వ్రతాలకు తోడు పేదలకు, రోగులకు, చదువులేనివారికి సేవ చేయుట అనే నాలుగవ వ్రతం వీరికి ఉన్నది. ఆనాటి సన్యాసినులు చాలమంది మఠం గడప దాటేవారు కారు. వీరు వీధులలో తిరిగి ఇంటింటికి వెళ్ళేవారు గనుక జనులు వీరిని నడిచే సన్యాసినులు అన్నారు.

1843లో ఏడుగురు సోదరీమణులు ఫ్రాన్సిస్ వార్డ్ నాయకత్వాన ఓడలో అమెరికాలోని పిట్స్‌బర్గ్ చేరారు. కొద్ది ఏళ్ళకే బంగాళాదుంప పంట తెగులుపట్టి ఐర్లండులో ఘోరమైన కరువు వచ్చింది. లక్షలాది జనం ఓడలెక్కారు. ఓడలెక్కినవారి సంతతి అయిన మనకు ఆ కథ పరాయిది కాదు. ఇదే సంఘంవారు 1897లో దక్షిణాఫ్రికాలోని మాఫెకింగ్‌కు కూడ వెళ్ళారు.

డెట్రాయిట్‌లో మెర్సీ హైస్కూలు 1945లో ప్రారంభమై, 1965లో ఇప్పటి స్థలానికి మారింది. అప్పటికి అది పల్లెప్రాంతం వంటిదే. ఫార్మింగ్టన్ హిల్స్ నగరంగా ఏర్పడినది 1973లో. ఇక్కడ ఒక సందేహం కలుగక మానదు. పేదలకొరకు పుట్టిన సంఘం ఫీజు తీసికొని శివారు కుటుంబాల పిల్లలకు చదువు చెప్పుట ఏమిటి? సహాయ వేతనాలు ఉన్నమాట నిజమే అయినా ఆ ప్రశ్న అంతటితో తీరదనే నేను అనుకొంటాను.

మనకు ముఖ్యమైనది మరొకటి. బడి స్థలం మారిన ఆ 1965లోనే అమెరికా క్యాథలిక్ సన్యాసినుల సంఖ్య సుమారు 1,80,000. నేడు అది 40,000కు లోపు. పాఠం చెప్పే సోదరీమణులు తగ్గిపోగా వారి బడులు అనేకం మూతపడ్డవి. నిలిచినవి నిలిచినది గృహస్థులైన ఉపాధ్యాయుల చేతుల మీదనే. సోదరీమణులు బ్రతికి ఉండగానే పాలన వారికి అప్పగించి, కేథరిన్ కథను, నాలుగవ వ్రతం వెనుకనున్న ఉద్దేశమును వారికి నేర్పుచున్నారు.

మన తోటల కాలంలో తెలుగు నేర్పిన తాతలు భజనలు, వేమన పద్యాలు నోటితో చెప్పి వెళ్ళిపోయారు. ఏది ముందు, ఏది వెనుక, పిల్లవాడు ఎక్కడ తడబడతాడు అన్నది వ్రాసిపెట్టినవారు అరుదు. ఇప్పుడు మన తరగతులలో పాఠాలు చెప్పేవారు ఎక్కువమంది నా వయస్సువారే. పక్కన కూర్చుని నేర్చుకొనే ఇరవైయేళ్ళ యువతీయువకులు ఎందరున్నారో ప్రతి సంఘంవారు ఈ ఏడు లెక్కవేసి చూడవలెను.