ఇసుక గీసిన హద్దు

ఈసారి సెలవుకి ఏదైనా దీవికి తీసుకెళ్ళమని మా సండేస్కూలు పిల్లలు పట్టుబట్టారు. టీవీలో అండమాన్ చూశారట. నీలం నీళ్ళు, తెల్లని ఇసుక, రంగురంగుల చేపలు అన్నీ కావాలన్నారు. "మరి మనం ఉంటున్నది ఎక్కడర్రా?" అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అమలాపురంలో పుట్టి పెరిగిన పిల్లలకు ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పరు. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది. ఆ రెండు పాయలకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న నేలే మన కోనసీమ. పి.గన్నవరం దగ్గర వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోయి ఓడలరేవు వద్ద సముద్రంలో కలుస్తుంది. వైనతేయకూ వశిష్ఠకూ మధ్య చిక్కిన భాగాన్ని రాజోలు దీవి అంటారు. పాయల నడుమ మళ్ళీ చిన్నచిన్న లంకలు. దేవుడు దీవిలో దీవి పెట్టి ఇస్తే, మనం టీవీలో వేరే దీవి వెతుక్కుంటున్నాం!

జనవరి 26న బడిలో జెండా వందనం ముగిశాక 18 మంది పిల్లలతో వ్యాను ఎక్కాం. పులిహోర పొట్లాలు, రెండు క్యాన్ల మంచినీళ్ళు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు దాటి పి.గన్నవరం చేరేసరికి పొగమంచు పూర్తిగా విడిపోయింది. అక్కడ ఆక్విడక్టు మీద అందరినీ దింపాను. కింద ఏరు, పైన కాలువ. నీటి మీదుగా నీరు నడిచే ఆ వింతను పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. 1850ల నాటి పాత వంతెన పక్కనే కొత్తది కట్టి దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఏటికి అటూ ఇటూ పోయే బాటసారులకు కులం అడగకుండా, వేళ చూడకుండా అన్నం పెట్టిన తల్లి ఆమె. 1909లో కన్నుమూశారు. గుడికి వెళ్ళేవారైనా, చర్చికి వెళ్ళేవారైనా ఆ పేరు వినగానే ఒక్క క్షణం ఆగడం నేను చాలాసార్లు చూశాను.

ఆ దగ్గర్లోనే పడవ ఎక్కి ఒక లంకలో దిగాం. బూరుగులంక, ఊడిమూడిలంక, అరిగెలవారిపేట, జి.పెదపూడిలంక... ఈ వైపు ఇలాంటి ఊళ్ళు ఎన్నో. వరద వస్తే వాటికి ఏళ్ళ తరబడి పడవే దిక్కు. లంక నేల మీద అడుగు పెడితే చెప్పు కింద మెత్తగా దిగుతుంది. అరటి, కంద, వంగ, బీర పాదులు పచ్చగా కళకళలాడుతున్నాయి. కరెంటు తీగ మీద లకుముకి పిట్ట, తాటాకు చివర గిజిగాడి గూళ్ళు. పిల్లలు గూళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టి 40 దాటాక మానేశారు.

ఆ తోట రైతు, 70 ఏళ్ళు దాటిన పెద్దాయన, మమ్మల్ని లంక అంచుకు తీసుకెళ్ళారు. అక్కడ నేల నిలువునా విరిగి ఉంది. ఆ గోడలో పొరలు పొరలుగా మట్టి: ఒక చార నల్లగా, ఒక చార ఇసుక రంగులో. ఒక్కో వరద ఒక్కో పొర వేసిందన్నమాట. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. ఆ రెండు వరదల్లోనూ తాను ఇంటికప్పు మీదే ఉన్నానని ఆయన నవ్వుతూ చెప్పారు.

"తాతగారూ, మీ తోట ఇంతేనా?" అని మా బృందంలోని ఏడో తరగతి కుర్రాడు అడిగాడు.

"ఆయ్! ఇంతే మిగిలిందండి. ఆ నీళ్ళ మధ్య కొంగ వాలింది చూశారా, అక్కడిదాకా మాదే. పాసుపుస్తకంలో ఇప్పటికీ ఉందండి, గోదారే ఖాళీ చేయట్లేదు."

పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఏరు ఒకవైపు కోస్తే మరోవైపు మేట వేస్తుందని చిన్నప్పుడు మనమంతా విన్నదే. కానీ మేట వేసిన చోట హక్కు, కోత పడినవాడికి రాదు కదా. ఆ కుర్రాడు అంచు నుంచి తోటలో మొదటి కొబ్బరిచెట్టు దాకా అడుగులు వేసి కొలిచాడు. 31 అడుగులు. నోటుపుస్తకంలో తేదీతో సహా రాసుకున్నాడు. పెద్దాయన ఫోను నంబరు కూడా అడిగి తీసుకున్నాడు.

మధ్యాహ్నానికి రాజోలు, మలికిపురం మీదుగా అంతర్వేది దారి పట్టాం. దారిలో తలలేని కొబ్బరిచెట్లు కొన్ని కనిపించాయి. శంకరగుప్తం డ్రెయిను గుండా సముద్రపు పోటు నీరు తోటల్లోకి ఎక్కి చెట్లు మోడువారిన ప్రాంతం ఇది. కోనసీమ వాడికి కొబ్బరిచెట్టు మోడు చూడటం చావింట్లో అడుగుపెట్టడంలాంటిదే. 1996 నవంబరు తుపాను చూసినవారికి ఆ మాట అర్థమవుతుంది.

సరుగుడు తోటలో పొట్లాలు విప్పాం. తర్వాత పడవలో మడచెట్ల మధ్యకు వెళ్ళాం. బురదలోంచి వేలకొద్దీ వేర్లు పెన్సిళ్ళలా పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. గాలి ఆడని బురదలో చెట్టు వాటితోనే ఊపిరి తీసుకుంటుంది. మడజాతుల్లో కొన్నిటికి గింజ చెట్టు మీదే మొలకెత్తి, ఈటెలా కిందపడి బురదలో దిగబడుతుందని చెబితే, ఒక పాప "అమ్మ ఒడిలోనే నడక నేర్చుకుని దిగుతుందన్నమాట" అంది. నేను అంత బాగా చెప్పలేకపోయేవాణ్ణి.

వశిష్ఠ సముద్రంలో కలిసేచోటు అన్నాచెల్లెళ్ళ గట్టు. ఏటి నీరు ఒక రంగు, కడలి నీరు ఒక రంగు. ఇసుక మీద ఎర్రపీతలు మా అలికిడికి బొరియల్లో దూరాయి. ఒకచోట ట్రాక్టరు చక్రం గుర్తులాంటి జాడ పైదాకా వెళ్ళి మళ్ళీ నీటివైపు తిరిగింది. ఆలివ్ రిడ్లే తాబేలు రాత్రి గుడ్లు పెట్టి వెళ్ళిన గుర్తు. వందకు పైగా గుడ్లు గుంటలో పెట్టి, ఇసుక కప్పి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతుంది. 45 నుంచి 60 రోజులు ఆ ఇసుక వెచ్చదనమే వాటికి తల్లి. కొంచెం దూరంలో మరో తాబేలు చచ్చి పడి ఉంది. అది చేపలా నీళ్ళలో ఊపిరి తీసుకోలేదు, పైకి రావాలి. మరపడవల వలల్లో చిక్కితే రాలేదు. పిల్లలు చాలాసేపు దాని దగ్గరే నిలబడిపోయారు.

అక్కడే కూర్చోబెట్టి యిర్మీయా గ్రంథం ఐదో అధ్యాయం సంగతి చెప్పాను. దేవుడు సముద్రానికి ఇసుకను హద్దుగా నియమించాడని అందులో ఉంది. ఎన్నో ఏళ్ళుగా ఈ మాట చెబుతున్నాను. ఆ రోజు మాత్రం ఆ ఏడో తరగతి కుర్రాడు చెయ్యెత్తాడు.

"మరి ఈ ఇసుక ఎక్కణ్ణుంచి వస్తుంది మాష్టారూ?"

"గోదావరి తెస్తుందిరా."

"తేవడం మానేస్తే?"

అది ఊహ కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ప్రచురించిన లెక్క ప్రకారం, 1970లలో గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల మట్టిని డెల్టాకు తెచ్చేది. 1990లకు అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. ఎగువన కట్టిన జలాశయాల వెనుక మట్టి నిలిచిపోవడమే ముఖ్య కారణం. 1976 నుంచి 2001 వరకు డెల్టా తీరం నికరంగా 18 చదరపు కిలోమీటర్లు, అంటే దాదాపు 4,500 ఎకరాలు కోల్పోయింది. ఆనకట్టల వల్లే మనం అన్నం తింటున్నాం, దాన్ని కాదనడానికి లేదు. కానీ హద్దు పెట్టింది ఆయనే అయినా, ఆ ఇసుకను ఆపింది మాత్రం ఆయన కాదు. ఇవన్నీ పిల్లలకు నాకు చేతనైనట్టు చెప్పాను. కుర్రాడు తృప్తి పడలేదు, నేనూ పడలేదు.

పొద్దు వాలుతుండగా బయలుదేరాం. వ్యాను ఎక్కేముందు ఒక పాప డబ్బాలో నింపుకున్న ఇసుకను తిరిగి గట్టు మీదే పోసింది. ఎవరూ చెప్పలేదు. దారి పొడుగునా పాటలు లేవు, సగం మంది నిద్రపోయారు.

వరదలు తగ్గాక, నవంబరులో ఒక ఆదివారం ఆరాధన అయిపోయాక ఆ కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. లంక తాతగారికి ఫోను చేశాడట. నోటుపుస్తకం తెరిచి చూపించాడు. 31 కింద కొత్త అంకె రాసి ఉంది: 22.