తూకం చెప్పని సంగతి: లివరు జబ్బులో కరిగిపోయే కండ

కొంతకాలం క్రితం ఒక తల్లి తన భర్తను వెంటబెట్టుకొని మా ఓ.పి.కి వచ్చారు. ఆయనకు యాభై దాటాయి. లివరు గట్టిపడే జబ్బు, అంటే సిరోసిస్, ఉన్నట్లు అంతకు ఏడాదిన్నర ముందే తెలిసింది. తాగుడు మానేసి సంవత్సరం అయింది. "పోయినసారి కంటే రెండు కేజీలు పెరిగారు డాక్టరుగారూ, పత్యం కూడా ఒక్క పూట తప్పకుండా చేయిస్తున్నాను" అని ఆమె ఆశగా చెప్పారు.

తూకంలో 62 కేజీలు వచ్చింది. మా సిస్టరు, "ఒకసారి ఆయన చొక్కా తీయించమ్మా" అన్నారు. తీసి చూస్తే పొట్ట కుండలా ముందుకు వచ్చి ఉంది. కణతలు గుంటలు పడ్డాయి. భుజాల ఎముకలు తేలాయి. జబ్బలు చూస్తే ఆమె చేతులకంటే సన్నగా ఉన్నాయి. రెండు పాదాలకూ వాపు. పొట్టలో నీటిని, కాళ్ళ వాపును లెక్కలోంచి తీసేస్తే ఆయన అసలు బరువు 50 కేజీల దగ్గర తేలింది. పెరిగిన ఆ రెండు కేజీలు నీరు. ఆ నీటి చాటున కరిగిపోయింది కండ.

లివరు జబ్బు ఉన్నవారిని, వారికి వండిపెట్టే కుటుంబాలను ఉద్దేశించి ఈ నెల ఈ విషయమే వ్రాస్తున్నాము. సిరోసిస్ ఉన్నవారిలో చాలామందికి ఇలా కండ తగ్గుతుంది. వైద్యులు దీనిని సార్కోపీనియా అంటారు. కండ తగ్గినవారికి ఇన్‌ఫెక్షన్లు, ఆసుపత్రిలో చేరవలసిన అవసరం, ప్రాణాపాయం ఎక్కువ. లివరు మార్పిడి జరిగినా కోలుకోవడం ఆలస్యమవుతుంది. అయినా లివరు జబ్బు తీవ్రతను లెక్కగట్టే మెల్డ్ స్కోరులో కండకు చోటు లేదు. అది ముఖ్యంగా రక్త పరీక్షల లెక్క. అందుకే కండను విడిగా కొలవాలి.

కండ ఎందుకు కరుగుతుంది?

మనం తిన్న అన్నంలోని చక్కెరలో కొంత భాగాన్ని లివరు దాచిపెట్టి, రాత్రి మనం నిద్రపోతున్నప్పుడు కొద్దికొద్దిగా వదులుతుంది. జబ్బుపడిన లివరుకు అలా దాచే శక్తి తగ్గిపోతుంది. అప్పుడు శరీరం తన కొవ్వును, కండను కరిగించుకొని రాత్రి గడుపుతుంది. ఆరోగ్యవంతుడు రెండు మూడు రోజులు పస్తుంటే శరీరంలో వచ్చే మార్పులు, సిరోసిస్ ఉన్నవారిలో ఒక్క రాత్రికే వస్తాయని 1983లోనే పరిశోధకులు చూపించారు.

దీనికితోడు ఆకలి మందగిస్తుంది, నోరు చప్పబడుతుంది. పొట్టలో నీరు ఉంటే నాలుగు ముద్దలకే కడుపు నిండినట్లు ఉంటుంది. రక్తంలో పెరిగే అమ్మోనియా కండ పెరుగుదలను అడ్డుకుంటుంది. ఆ అమ్మోనియాను విరిచివేయడంలో లివరుకు సాయం చేసేది కూడా కండే. కాబట్టి కండ తగ్గేకొద్దీ మతి తప్పడం, మగతగా ఉండడం వంటి ఇబ్బందులు ఎక్కువవుతాయి.

కండను ఎలా కొలుస్తారు?

మొదట అసలు బరువు తెలియాలి. పొట్టలో నీరు కొద్దిగా ఉంటే బరువులో నూటికి 5, ఒక మోస్తరుగా ఉంటే 10, బాగా ఎక్కువగా ఉంటే 15 తీసివేస్తారు. రెండు పాదాలకూ వాపు ఉంటే మరో 5 తీసివేస్తారు. పైన చెప్పిన ఆయనకు అలా నూటికి 20 తీసివేయవలసి వచ్చింది.

రెండవది జబ్బ కొలత. భుజం కొనకు, మోచేతికి సరిగ్గా మధ్యలో టేపు చుట్టి కొలుస్తారు. వెనుకవైపు చర్మాన్ని ఒక పరికరంతో పట్టి, చర్మం క్రింద కొవ్వు మందం చూస్తారు. ఆ మందాన్ని 3.14తో హెచ్చించి, టేపు కొలతలోంచి తీసివేస్తే జబ్బలోని కండ చుట్టుకొలత వస్తుంది. ఉదాహరణకు టేపు కొలత 23 సెంటీమీటర్లు, కొవ్వు మందం 1 సెంటీమీటరు అయితే, కండ చుట్టుకొలత దాదాపు 20 సెంటీమీటర్లు. చేతులకు సాధారణంగా నీరు దిగదు గనుక ఈ కొలత నమ్మకమైనది. కాలి పిక్కను కూడా కొలవవచ్చు గాని, కాళ్ళు వాచినవారిలో అది మోసం చేస్తుంది.

మూడవది పిడికిలి బలం. చేతిలో పట్టుకొని గట్టిగా నొక్కే చిన్న పరికరం ఇది. ఆసియా దేశాల నిపుణులు 2019లో ఇచ్చిన కొలమానం ప్రకారం మగవారికి 28 కేజీలు, ఆడవారికి 18 కేజీలకంటే తక్కువ వస్తే బలం తగ్గినట్లు.

నాలుగవది కుర్చీ పరీక్ష. చేతులు రొమ్ముమీద కట్టుకొని, కుర్చీలోంచి ఐదుసార్లు పూర్తిగా లేచి కూర్చోవాలి. దానికి 12 సెకన్లు గాని అంతకంటే ఎక్కువ గాని పడితే శరీరంలో సత్తువ తగ్గినట్లు. పిడికిలి, కుర్చీ కొలతలు ముఖ్యంగా పెద్దవయసు వారికోసం తయారైనవే. అయినా లివరు రోగులకు కూడా ఇవి పనికివస్తున్నాయి. అమెరికా వైద్యులు 2017లో పిడికిలి బలం, కుర్చీ పరీక్ష, నిలబడి తూలకుండా ఉండగలగడం, ఈ మూడింటినీ కలిపి లివరు రోగులకోసమే ఒక స్కోరు తయారుచేశారు. దీనికి ఖరీదైన యంత్రాలేవీ అక్కరలేదు.

ఐదవది సి.టి. స్కాను. నడుము వెన్నుపూసల్లో మూడవదాని దగ్గర తీసిన ఒక్క చిత్రంలో కండ ఎన్ని చదరపు సెంటీమీటర్లు ఉందో లెక్కించి, దానిని మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తారు. 165 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి కండ 120 చదరపు సెంటీమీటర్లు ఉంటే, లెక్క దాదాపు 44 వస్తుంది. ఉత్తర అమెరికా వైద్యుల హద్దు మగవారికి 50, ఆడవారికి 39. జపాను వైద్యుల హద్దు మగవారికి 42, ఆడవారికి 38. అంటే ఈ మనిషికి అమెరికా లెక్కలో కండ తక్కువ, జపాను లెక్కలో ఫరవాలేదు. ఒక్కొక్క జాతి శరీర నిర్మాణం ఒక్కొక్క తీరు గనుక ఈ తేడా. కేవలం కండ చూసుకోవడానికి స్కాను తీయించుకోమని మేము చెప్పము. అందులో ఖర్చు ఉంది, రేడియేషన్ ఉంది. వేరే కారణానికి తీయించిన స్కాను ఉంటే దానినే చూడమని అడగవచ్చు.

ఒక్క మాట గుర్తుంచుకోండి. పొరుగువారి అంకెతో మీ అంకె పోల్చుకోవడం వలన లాభం లేదు. మూడు నెలల క్రితం మీరు ఎలా ఉన్నారు, ఇప్పుడు ఎలా ఉన్నారు అన్నదే ముఖ్యం. అందుకే ప్రతిసారీ పాత చీటీలు వెంట తీసుకురండి. లావుగా ఉన్నవారు కూడా మాకేమీ లేదనుకోవద్దు. కొవ్వు లివరు ఉన్నవారిలో కొవ్వు క్రింద కండ తగ్గడం కనబడకుండా జరిగిపోతుంది.

మేము కూడా మార్చుకున్న మాట

ఆ తల్లి చేయించిన పత్యం ఏమిటని అడిగాము. ఉదయం తొమ్మిదింటికి రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం మజ్జిగ అన్నం, రాత్రి ఏడింటికి జావ. పప్పు లేదు, గుడ్డు లేదు, నూనె చుక్క లేదు. రాత్రి ఏడు నుండి ఉదయం తొమ్మిది వరకు పద్నాలుగు గంటలు కడుపు ఖాళీ. భర్త బ్రతకాలని ఆమె ప్రేమతో చేసినదే ఆయన కండను తినేసింది.

తప్పు ఆమెది కాదు. కామెర్లకు పత్యం మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్నది. వైద్యులు కూడా, మాతో సహా, ఒకప్పుడు లివరు రోగులకు పప్పు, గుడ్డు తగ్గించమనే చెప్పేవారము. మాంసకృత్తులు తింటే మతి తప్పుతుందని భయం. బార్సిలోనా వైద్యులు 2004లో ప్రచురించిన పరిశోధనలో, లివరు వలన మతి తప్పినవారికి మాంసకృత్తులు మామూలుగా ఇచ్చినా జబ్బు ముదరలేదని, తగ్గించి ఇచ్చినవారిలో శరీరంలోని మాంసకృత్తులే ఎక్కువగా కరిగాయని తేలింది. ఇప్పుడు మేము ఇచ్చే సలహా అందుకే మారింది.

ఏమి తినాలి? ఎప్పుడు తినాలి?

అసలు బరువులో ప్రతి కేజీకి రోజుకు 1.2 నుండి 1.5 గ్రాముల మాంసకృత్తులు, 35 కేలరీలు కావాలని యూరపు లివరు వైద్యుల సంఘం 2019లో సూచించింది. 50 కేజీల మనిషికి ఇది 60 నుండి 75 గ్రాములు. మన వంటింట్లోనే ఇది కుదురుతుంది. రెండు గ్లాసుల పాలలో సుమారు 13 గ్రాములు, రెండు గుడ్లలో 12, రెండు పూటలా గట్టి పప్పులో 14, గుప్పెడు వేరుశెనగపప్పులో 7, ఒక కప్పు పెరుగులో 4 ఉంటాయి. మిగిలినది అన్నం, ఇడ్లీ, రొట్టెల నుండి వస్తుంది. చేప, కోడి తినేవారు బాగా ఉడికించి తినవచ్చు.

ఎంత తిన్నారన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు తిన్నారన్నది కూడా అంతే ముఖ్యం. మెలకువగా ఉన్నప్పుడు మూడు నాలుగు గంటలకంటే ఎక్కువ ఖాళీ కడుపుతో ఉండకండి. పడుకోబోయే ముందు తప్పనిసరిగా ఏదో ఒకటి తినండి: పాలతో రాగిజావ, పెసరట్టు, పాలన్నం, లేక అరటిపండు, పాలు. న్యూజిలాండులో పన్నెండు నెలలపాటు సాగిన ఒక పరిశోధనలో, అదనపు పోషకాహారాన్ని పగలు తీసుకున్నవారికంటే రాత్రి తీసుకున్నవారి శరీరంలోనే మాంసకృత్తులు పెరిగాయి. తెల్లవారి లేవగానే ఆలస్యం చేయకుండా ఇంకేదైనా తినండి.

పొట్టలో నీరు ఉన్నవారు ఉప్పు తగ్గించాలి. ఊరగాయ, అప్పడాలు, ఎండుచేపలు వద్దు. ఉప్పు తగ్గించమన్నామంటే తిండి తగ్గించమని కాదు. షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, లావు తగ్గవలసినవారు తమ కొలత డాక్టరుగారిని అడిగి తెలుసుకోవాలి.

సంఘ కుటుంబాలకు ఒక మనవి. లెంటు దినములలో, ఉపవాస కూడికలలో సిరోసిస్ ఉన్నవారు పస్తుండకూడదు. ముందే పాస్టరుగారితో చెప్పండి. ప్రార్థనలో పాల్గొనండి, భోజనం మాత్రం మానవద్దు.

తిన్నది కండగా మారాలంటే కదలిక కావాలి. రోజూ నడవండి. మధ్యమధ్య కుర్చీలోంచి లేచి కూర్చోండి, ప్రక్కన ఒకరు ఉంటే మంచిది. అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బి ఉన్నాయని చెప్పినవారు డాక్టరుగారిని అడగకుండా బరువులు ఎత్తవద్దు.

వెంటనే ఆసుపత్రికి రావలసిన గుర్తులు: రక్తపు వాంతి, నల్లటి విరేచనం, జ్వరంతో కడుపునొప్పి, మాట తడబడడం, పగలంతా మగత. మగతగా ఉన్నవారి నోట్లో తిండి గాని నీళ్ళు గాని పోయవద్దు.

ఆ దంపతులు మూడు నెలలకు మళ్ళీ వచ్చారు. మొదటిసారి ఐదుసార్లు కుర్చీలోంచి లేవడానికి ఆయనకు 19 సెకన్లు పట్టింది, ఈసారి 14 పట్టింది. మందులతో పొట్టలో నీరు తగ్గింది. తూకంలో 58 వచ్చింది. "నాలుగు కేజీలు తగ్గారు" అని మేము అనగానే ఆమె నవ్వి, "తగ్గింది నీళ్ళే కదండీ, జబ్బ కొలవండి" అని తానే ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచారు.